గోడ మీది బోర్డు తీసేయమంటున్నారు, తీయాలా?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న పంచాయతీ. గ్రామకంఠంలోని మా ఇంటి ముందు గదిలో మా నాన్నగారు 1996 నుంచి మేకులు, తాళ్లు, గడ్డపారలు అమ్మేవారు. రెండేళ్ల క్రితం నేను రంగుల డబ్బాలు కూడా పెట్టాను. రంగుల కంపెనీ ఉచితంగా ఇచ్చిన లైటు బోర్డును గోడకు బిగించాను. ఇంకో చిన్న బోర్డును వీధి మూలలో, కాలువ గట్టున ఇనుప స్తంభం పాతి నిలబెట్టాను. గత నెల పంచాయతీ కార్యదర్శి వచ్చి, గ్రామసభలో తీర్మానం అయింది కాబట్టి వారంలోగా రెండూ తీసేయాలని, లేదంటే ఆరు వేల రూపాయల ప్రకటన పన్ను కట్టాలని చెప్పారు. మా ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వెళ్లిందని, మాది నివాస జోను కాబట్టి అసలు దుకాణమే నడపకూడదని కూడా అన్నారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. ఎదురు దుకాణానికి ఇంతకంటే పెద్ద బోర్డు ఉన్నా వాళ్ల జోలికి పోలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు మీకు రుచించని మాట చెబుతాను. కాలువ గట్టున పాతిన స్తంభాన్ని మీరే పీకేయండి, ఈ వారంలోనే. పంచాయతీ వీధి, దాని పక్క కాలువ, ఆ గట్టు మీ ఇంటి ముందే ఉన్నా మీవి కావు. వాటిని కాపాడుకోవడానికి 2011లో గ్రామ పంచాయతీ ఆస్తుల పరిరక్షణ నియమాలు కూడా వచ్చాయి. ఆ స్తంభం నిలిచి ఉన్నంతకాలం ఎదుటివారు మిమ్మల్ని ఆక్రమణదారు అని పిలవగలరు. గోడ బోర్డు విషయంలో మీకున్న మంచి వాదన కూడా ఆ మాట కింద నలిగిపోతుంది. తీసే ముందు ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

గోడ బోర్డు సంగతి వేరు. అది మీ గోడ మీద, మీ స్థలం హద్దులోపల ఉంటే, దాన్ని వీధి ఆక్రమణ అనడానికి వీల్లేదు. కానీ ఒక టేపు తీసుకుని కొలవండి. చాలా ఊళ్లలో గోడ మనదే అయినా ముందుకు వచ్చిన సన్‌షేడు వీధి మీదికి వేలాడుతూ ఉంటుంది, బోర్డును దాని అంచుకు కడతారు. మీదీ అలాగే ఉంటే దాన్ని వెనక్కి, గోడకు ఆనేలా బిగించుకోండి.

ఇక పన్ను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. 1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామ పంచాయతీకి ప్రకటన పన్ను వేసే అధికారం ఇస్తూనే, కొన్నిటిని మినహాయించింది. ఏ ఆవరణలో బోర్డు ఉందో ఆ ఆవరణలోనే జరిగే వ్యాపారానికి సంబంధించిన బోర్డు, యజమాని పేరు చెప్పే బోర్డు ఆ మినహాయింపు కిందికి వస్తాయి. పైకప్పు మీద ఆకాశంలోకి లేచి నిలబడేవి మాత్రం రావు. కాబట్టి ‘ఫలానా హార్డ్‌వేర్, రంగులు’ అని మీ పేరుతో ఉన్న గోడ బోర్డుకు పన్ను అడగడం కుదరదు. కానీ కంపెనీ ఉచితంగా ఇచ్చిన బోర్డు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ముప్పావు భాగం కంపెనీ గుర్తు, నవ్వుతున్న సినిమా నటుడు, అడుగున పావు వంతులో మీ పేరు. ఆ కంపెనీ రంగులు మీరు అమ్ముతున్నారు కనుక అది మీ వ్యాపారానికి సంబంధించినదే అని నేను వాదిస్తాను. ఇది కంపెనీ ప్రకటన, దుకాణం పేరు సాకు మాత్రమే అని అవతలి న్యాయవాది అంటారు. బోర్డు ఫొటో చూసిన న్యాయమూర్తి ఎటు మొగ్గుతారో నేను పందెం కాయలేను. నేనే మీ స్థానంలో ఉంటే పెయింటర్‌కు కొంత డబ్బు ఇచ్చి, నా పేరు పెద్దగా, తెలుగులో రాయించుకుంటాను. దుకాణాలు, సంస్థల చట్టం కింద 1990లో వచ్చిన నియమాలు పేరు బోర్డు తెలుగులో ఉండాలని, వేరే భాషలు ఉంటే వాటి పైన తెలుగు ఉండాలని చెబుతాయి. అలా రాయిస్తే తెలుగు లేదని ఎత్తి చూపే అవకాశం కూడా ఎవరికీ ఉండదు.

చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ విధించరాదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. ఆరు వేలు ఏ లెక్కన వచ్చిందో, ఏ తీర్మానం ఆ రేటు ఖరారు చేసిందో కార్యదర్శి చూపించాలి. ‘తీసేయండి, లేదా కట్టండి’ అన్న మాటలోనే తికమక ఉంది. బోర్డు అక్రమమైతే పన్ను కట్టినంత మాత్రాన సక్రమం కాదు, సక్రమమైతే తీయమనడానికి కారణం లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. 2016లో 101వ రాజ్యాంగ సవరణ రాష్ట్ర జాబితా (రాష్ట్రాలు చట్టం చేయగల అంశాల పట్టిక) నుంచి ప్రకటనల పన్నుకు చెందిన 55వ అంశాన్నే తొలగించింది. అందువల్ల ఈ పన్ను చెల్లుబాటు మీదే ప్రశ్న లేవనెత్తవచ్చు. కానీ ఆరు వేల కోసం అంత దూరం వెళ్లడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే అర్జీలో ఒక పేరాగా వాడుకుందాం.

గ్రామసభ అన్న మాట విని మీరు భయపడినట్టున్నారు. గ్రామసభ అంటే ఊరి ఓటర్లందరూ కూర్చునే సభ. గ్రామ పంచాయతీ అంటే సర్పంచ్, వార్డు సభ్యులు ఉన్న పాలక సంస్థ. గ్రామసభ సూచనలను పంచాయతీ తగిన రీతిలో పరిశీలించాలని చట్టం అంటుంది. అంతేగాని, ఒక ఇంటి మీది బోర్డు పీకించే ఉత్తర్వు ఇచ్చే అధికారం గ్రామసభకు లేదు. పంచాయతీ చర్య తీసుకోవాలన్నా రాతపూర్వక నోటీసు ఇచ్చి, మీ జవాబు విని, ఆపైనే ఉత్తర్వు ఇవ్వాలి.

జోను గురించి కార్యదర్శి చెప్పింది అరకొర. జోన్లను పంచాయతీ తీర్మానంతో గీయరు. ప్రణాళికను పట్టణాభివృద్ధి సంస్థ తయారుచేసి, ప్రజల అభ్యంతరాలు పిలిచి, ప్రభుత్వ ఆమోదంతో అమలు చేస్తుంది. కాబట్టి మీ సర్వే నంబరుకు భూవినియోగ ధ్రువపత్రం ఆ సంస్థ నుంచే తెచ్చుకోండి. ప్రణాళిక ఇంకా ముసాయిదాగానే ఉందని తేలినా నేను ఆశ్చర్యపోను. నిజంగానే నివాస జోను అయినా, అందులో అనుమతించే వాడకాల జాబితా ఒకటి ఉంటుంది. చిన్న చిల్లర దుకాణాలకు అందులో చోటు ఉండడం మామూలే. పైగా ప్రణాళిక అమలులోకి వచ్చేనాటికే సాగుతున్న వాడకాన్ని అదే మేరకు కొనసాగనివ్వడం పట్టణ ప్రణాళిక చట్టాలలో పాతుకుపోయిన పద్ధతి. ‘అదే మేరకు’ అన్న చోటే మీకు చిక్కు. మేకులు, తాళ్లు 1996 నాటివి, రంగుల డబ్బాలు రెండేళ్ల నాటివి. రంగుల్లో కలిపే థిన్నర్ ఎంత నిల్వ పెడుతున్నారో మీరు రాయలేదు. అది మండే సరుకు. గదిని గోదాముగా మార్చి ఉంటే ఈ వాదన మీ చేతి నుంచి జారిపోతుంది. పాత ఇంటి పన్ను రసీదులు, దుకాణానికి విడిగా రెండో కేటగిరీ (వాణిజ్య) కరెంటు మీటరు ఉంటే దాని పాత బిల్లులు, మీ నాన్నగారి పేరున ఉన్న ఏ లైసెన్సు కాగితమైనా వెతకండి.

ఎదురు దుకాణం గొడవను వాదనలో ముందుకు తేకండి. ఒకరి తప్పును చూపించి నా తప్పునూ వదిలేయండి అంటే కోర్టులు వినవు. సమానత్వ హక్కు ఇచ్చే రాజ్యాంగం 14వ అధికరణం అక్రమంలో సమానత్వం ఇవ్వదు. అయితే మీ ఒక్కరినే ఏరి పట్టుకున్నారంటే వెనుక కారణం ఉండవచ్చు. నా దగ్గరకు వచ్చే బోర్డు గొడవల్లో సగానికి సగం బోర్డు గురించి కావు, గడిచిన పంచాయతీ ఎన్నికల గురించి. మీ విషయంలోనూ అదే అయితే, ఎదుటి బోర్డు ఫొటో దురుద్దేశం చూపించడానికి పనికి వస్తుంది, దాచుకోండి.

ఇప్పుడు చేయాల్సినవి చెబుతాను. సమాచార హక్కు చట్టం కింద పంచాయతీకి దరఖాస్తు పెట్టండి. తీర్మానం ప్రతి, పన్ను రేట్ల ఉత్తర్వు, ఊళ్లో ఎంతమందికి ఇలాంటి నోటీసులు ఇచ్చారో అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. అదే రోజు విడిగా ఒక ఉత్తరం కూడా ఇవ్వండి. స్తంభం తీసేశానని, గోడ బోర్డు నా హద్దులోనే ఉందని, రాతపూర్వక నోటీసు ఇస్తే జవాబు ఇస్తానని అందులో రాస్తే చాలు. తీర్మానం చట్టవిరుద్ధంగా ఉంటే దాన్ని రద్దు చేసే అధికారం పైవారికి ఉంది. దానికోసం జిల్లా పంచాయతీ అధికారికి అర్జీ ఇవ్వండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ నమోదు చేయించండి. నోటీసు లేకుండా బోర్డు పీకడానికి మనుషులు వస్తే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను ఆపమని నేరుగా కోరే అర్జీ) వేయడమే దారి. ప్రభుత్వం మీద సివిల్ దావాకు రెండు నెలల ముందస్తు నోటీసు అడ్డం వస్తుంది, అత్యవసరమని కోర్టు అనుమతిస్తే తప్ప.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద పంచాయతీ ముద్ర, తేదీ వేయించుకోండి. ఉత్తరం తీసుకోవడానికి వాళ్లు ఒప్పుకోకపోతే గొడవ పడకుండా బయటికి వచ్చి, స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచండి.