అటక మీద గుడ్లగూబ, పెరట్లో కనిపించని వేటగాడు: మా ఉద్దానం ఇంటి అనుభవం

మీరు అడిగింది ఇది. చీపురుపల్లి దగ్గర మీ ఊళ్లో, ఇంటి వెనక పశువుల శాలలో గుడ్లగూబ చేరింది. రాత్రిళ్లు భయంకరంగా అరుస్తోంది. పది రోజుల్లో నాలుగు కోళ్లు పోయాయి, చిరుతపులి తిరుగుతోందని ఊరంతా అంటున్నారు. మామగారు మంచం మీద ఉన్నారు కాబట్టి ముందు గూడు తీయించమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు.

తీయించకండి. గుడ్లగూబ సంగతి వేరు, కోళ్ల సంగతి వేరు. రెండూ ఒకే నెలలో జరిగాయి కాబట్టి ఒకే మూటలో కట్టేస్తున్నారు. 2019లో మా ఇంట్లో అచ్చం ఇలాగే జరిగింది కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలంలో ఒక చిన్న ఊరు. కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వెలుగు వచ్చాక తోటలోకి వెళ్తే అడుగు పెట్టడానికి చోటు లేదు. నాన్న తన చేత్తో నాటిన కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. కొన్ని తల తెగి మోళ్లుగా నిలిచాయి. ఊరి చివరి మర్రిచెట్టు కూడా ఆ రాత్రే కూలిపోయింది. దాని తొర్రలో తన చిన్నతనం నుంచీ గుడ్లగూబలు ఉండేవని నాయనమ్మ చెప్పేది. మా పెంకులు ఎగిరిపోయినట్టే వాటి ఇల్లూ పోయిందన్న ఆలోచన అప్పుడు మాలో ఎవరికీ రాలేదు.

డిసెంబరులో శాల అటక మీద అలికిడి మొదలైంది. ఆ వెంటనే అరుపు. గుడ్లగూబ అంటే 'గూ గూ' అంటుందని అనుకునేవాళ్లు ఆ అరుపు విని అది పక్షి గొంతు అంటే నమ్మరు. గోనెసంచిని ఒక్క ఊపున చించినట్టు ఉంటుంది. ఫిబ్రవరి వచ్చేసరికి దానికి బుసలు తోడయ్యాయి. దీపాలు పెట్టే వేళ నుంచి అర్ధరాత్రి దాటే దాకా ఆగని బుస. నాగుపాము చేరిందని తేల్చేసుకున్నాం. అమ్మ పాలు పితకడానికి శాలలోకి వెళ్లడం మానేసింది. చివరికి పెదనాన్న నిచ్చెన వేసుకుని టార్చితో ఎక్కారు, నేను కింద కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఆయన పైకి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నన్నూ ఎక్కమన్నారు.

పాత నాగలి వెనక, మూలన, నాలుగు పిల్లలు. నాలుగూ నాలుగు పరిమాణాల్లో ఉన్నాయి. పెద్దదాని ముఖం మీద తెల్లని చట్రం అప్పటికే ఏర్పడింది, తాటి ముంజను సగానికి కోసి అతికించినట్టు. చిన్నది ఇంకా మురికి పట్టిన దూది ఉండలా ఉంది. వెలుగు పడగానే నాలుగూ తలలు దించి, అటూ ఇటూ ఊగుతూ ఒక్కసారిగా బుసకొట్టాయి. తల్లి గుడ్లన్నీ ఒకే రోజు పెట్టదు. రెండు మూడు రోజులకొకటి పెడుతూ మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది, అందుకే పిల్లల వయసుల్లో అంత తేడా. ఆ బుస సగం బెదిరింపు, సగం ఆకలి. మీ శాలలో కూడా పాము బుస లాంటిది వినిపిస్తోంటే ముందు నిచ్చెన వేసి దూరం నుంచి చూడండి, కర్ర ఎత్తకండి.

మా ఇంట్లో అసలు చిక్కు నాన్న ఆరోగ్యం. ఆయనకు 2015లోనే కిడ్నీలు చెడ్డాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఈ మాట కొత్త కాదు. 1990ల నుంచి వింటున్నాం. పొలం పని తప్ప మరో వ్యాపకం లేనివాళ్లకు వస్తోంది. ఎన్నో బృందాలు వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పట్టుకెళ్లాయి, ఇదీ కారణమని ఇంకా తేలలేదు. ఎందుకు పోతున్నారో తెలియని చోట మనసు ఏదో ఒక కారణాన్ని పట్టుకోవాలని చూస్తుంది. చీకట్లో అరిచే పక్షి చేతికి అందినంత సులభంగా ఇంకేదీ అందదు. అందుకే గూడు తీయమన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. పక్కింటి పెద్దమ్మ మా మేలు కోరే చెప్పింది.

"గూబ కూసిన ఇంట్లో మనిషి నిలవడు నాయనా. దాన్నైనా దింపించు, లేకపోతే మీ నాన్ననైనా కొన్నాళ్లు వేరే ఇంట్లో ఉంచు."

నాన్న మంచం మీద నుంచే విన్నారు. "గూబ వచ్చి మూడు నెలలు వదినా. నా కిడ్నీలు పోయి నాలుగేళ్లు. దాని మీద నింద వేస్తే ఎలా?" అన్నారు. పెదనాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి వచ్చినవారు. అక్కడి బెంగాలీ ఇళ్లలో లక్ష్మీదేవి పక్కన గుడ్లగూబ బొమ్మ లేకుండా పూజ ఉండదని, అది ఆమె వాహనమని ఆయన చెప్పారు. ఖరగ్‌పూర్‌లో లక్ష్మి, కంచిలిలో మృత్యువు. పెద్దమ్మ చాలాసేపు ఆలోచించి, "అక్కడ దానికేం పెడతారు?" అని అడిగింది.

మాకు నిజంగా కళ్లు తెరిపించింది మాత్రం శాల నేల. గుడ్లగూబ ఎలుకను ముక్కలు చేయదు, వీలైనంత వరకు మొత్తంగా మింగుతుంది. అరగని ఎముకలు, వెంట్రుకలు లోపల ఉండగా చుట్టుకుంటాయి. వాటిని తిరిగి నోటి నుంచి పడేస్తుంది. అటక కింద అలాంటి ఉండలు కుప్పగా పడి ఉన్నాయి. బొటనవేలు పొడవు, నల్లగా, కొత్తవైతే లక్క పూసినట్టు మెరుస్తాయి. మా అమ్మాయి, నేను ఒక ఆదివారం తొమ్మిది ఉండలను నీళ్లలో నానబెట్టి పుల్లలతో విడదీశాం. పద్నాలుగు ఎలుక పుర్రెలు వచ్చాయి, పసుపు రంగు పళ్లు ఇంకా ఊడకుండా. ఒక చుంచు పుర్రె. కోడి ఎముక ఒక్కటీ లేదు. వాటిని పళ్లెంలో తెల్లగుడ్డ మీద పరిచి నాన్నకు చూపించింది మా అమ్మాయి. ఆయన ఒక్కో పుర్రెను వేలితో జరుపుతూ లెక్కపెట్టారు. మా మడిలో పందికొక్కులు, పొలం ఎలుకలు వెన్ను కొరికి బొరియల్లోకి లాక్కెళ్లే ధాన్యం ఎంతో ఆయనకు తెలుసు. (ఇంగ్లీషువాళ్ల 'బాండికూట్' మన పందికొక్కు నుంచే పుట్టిన మాట, ఆ జంతువుతో మన పరిచయం అంత పాతది.) ఈ రకం గుడ్లగూబకు రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైన, ఒకటి కింద. ఆ తేడాతోనే గడ్డిలో ఎలుక కదిలిన చోటును కటిక చీకట్లో చప్పుడుతోనే పసిగడుతుంది. మన భాషలో గూబ అంటే ఆ పక్షీ, చెవి దగ్గరి భాగమూ కావడం నాకు ఎందుకో ఇష్టం.

ఇక కోళ్లు. ఆ వేసవిలో మాకు ఐదు పోయాయి. ఎవరో ఫోనులో చిరుత బొమ్మ పంపారు, మన ఊరి జీడితోటలోదే అని రాసి. ఎక్కడిదో ఎవరికీ తెలియదు. సాయంత్రం అయ్యేసరికి పిల్లలు బయటికి రావడం మానేశారు, కుర్రాళ్లు తీగలతో ఉచ్చులు పన్నారు. నేను పొయ్యిలోని బూడిదను జల్లెడ పట్టి కోళ్ల గూడు చుట్టూ బెత్తెడు వెడల్పున పల్చగా చల్లాను. రెండు రాత్రులు ఏమీ లేదు. మూడో ఉదయం అడుగులు పడ్డాయి. గుండ్రంగా, నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేదు. పక్కన అగ్గిపెట్టె పెట్టి చూస్తే అడుగు దాని పొడవుకు మించలేదు. కుక్కకు, నక్కకు గోళ్లు నేలలో దిగుతాయి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. చిరుత అడుగైతే అగ్గిపెట్టెను పూర్తిగా దాటి ఉండేది.

దాన్ని కళ్లారా చూసింది నాన్న. వారానికి రెండుసార్లు డయాలసిస్. మొదటి విడతకు అందాలంటే నాలుగున్నరకే ఆటో కదలాలి. ఆ దారి సోంపేట బీల అంచున పోతుంది. 2010లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం ప్రాణాలొడ్డి కాపాడుకున్న నీటి నేల అది. జమ్ముగడ్డి పక్కన గట్టు మీద దీపం వెలుగు పడింది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి ఆటో ఆపించారు. పెంపుడు పిల్లి కంటే పొడుగాటి కాళ్లు, ఒంటి మీద మచ్చలు లేని ఇసుక రంగు, చెవుల కొసన సన్నని నల్ల కుచ్చు, పొట్టి తోక చివర నల్లని పట్టీలు. నోట్లో ఎలుక వేలాడుతోంది. మమ్మల్ని చూసి పరుగెత్తలేదు. ఎలుకను నేల మీద పెట్టి, మళ్లీ సర్దుకుని పట్టుకుని, గడ్డిలోకి నడిచి వెళ్లిపోయింది. అడవి పిల్లి. మా వైపు జంగుపిల్లి అంటారు. పేరుకు అడవి పిల్లే కానీ దట్టమైన అడవి కంటే ఇలాంటి గడ్డినేలలు, చెరువు గట్లు, చెరకు తోటలే దానికి ఇష్టం. ఎలుకలే దాని ప్రధాన ఆహారం. గూటి అడుగున వెదురు విరిగి సందు ఉంటే కోడిని వదలదు. మా గూటికి ఆ సందు ఉంది.

ఒంటి మీద వరుస మచ్చలు ఉండి, నీళ్ల పక్కనే తిరుగుతుంటే అది బావురుపిల్లి కావచ్చు. చేపలు పట్టి బతికే ఆ జాతి ప్రపంచంలోనే తగ్గిపోతోంది, దాని గోళ్లు పూర్తిగా ముడుచుకోవు కాబట్టి అడుగులో గోటి గుర్తు కనిపించవచ్చు. చెట్లెక్కి పండ్లు తింటూ అటక మీద దుడదుడ పరుగెత్తేది మానుపిల్లి.

చిరుత రానే రాదని నేను చెప్పను. 2022లో పెద్దపులే మీ విజయనగరం జిల్లా పల్లెల్లో పశువులను చంపుతూ తిరిగింది. కానీ చిరుత వస్తే కోళ్లతో ఆగదు. ముందు వీధి కుక్కలు, మేకలు మాయమవుతాయి. అలాంటిది జరిగినా, పెద్ద అడుగు కనిపించినా మీరు వెతకడానికి వెళ్లకండి, అటవీ శాఖ రేంజ్ కార్యాలయానికి చెప్పండి. గుంపుగా చుట్టుముట్టడం అన్నింటికంటే ప్రమాదం. ఎలుగుబంటి విషయంలో మా వైపు ఇది కళ్లారా చూశాం, 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో మనుషులూ గాయపడ్డారు, చివరికి ఎలుగూ చచ్చిపోయింది. జీడిపండ్ల కాలంలో తెల్లవారకముందు తోటలోకి ఒంటరిగా వెళ్లకపోతే చాలావరకు ఎదురుపడదు.

మీరు ఇప్పుడు చేయవలసిన పని కోళ్ల గూటికి. కోళ్లను చీకటి పడకముందే గూటిలో పెట్టండి. వెదురు సందుల మీద సన్న కన్ను ఇనుప వల కొట్టి, దాన్ని నేలలోకి అడుగు లోతు దించండి, నక్కయినా తవ్వలేదు. తలుపుకు గడియ పెట్టండి, తాడు కట్టు చాలదు. మేము వల వేసినప్పటి నుంచి ఒక్క కోడీ పోలేదు, జంగుపిల్లి మాత్రం ఇప్పటికీ ఆ దారినే పోతుంది. ఉచ్చులు ఎవరైనా పన్ని ఉంటే తీయించండి, వాటిలో పడేది ఊరి కుక్కలూ మేకలే. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

ఇంకొక మాట, ఇది చాలా ముఖ్యం. గుడ్లగూబ గూడు ఉన్నంతకాలం ఇంట్లో, పొలంలో ఎలుకల మందు పెట్టకండి. బ్రోమాడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. మత్తుగా, నెమ్మదిగా తిరుగుతుంది, అలాంటిదే ముందు గుడ్లగూబకు దొరుకుతుంది. ఆ విషం పిల్లల నోటికీ చేరుతుంది. మా నాలుగు గూబ పిల్లల్లో చిన్నది ఒక ఉదయం కింద పడి చచ్చి ఉంది. ముక్కు దగ్గర రక్తం. ఆ వారమే పక్క పొలంలో మందు పెట్టారని తరువాత తెలిసింది. మిగతా మూడూ ఏప్రిల్ మొదటి వారంలో ఎగిరిపోయాయి.

మీ మామగారి గురించి. ఆ అరుపుకు ఆయన నిద్ర పాడవుతుంటే మంచాన్ని వీధి వైపు గదిలోకి మార్చండి, మేమూ అలాగే చేశాం. పిల్లలు ఎగరడానికి రెండు నెలలు పడుతుంది, ఆ తరువాత అరుపులు తగ్గుతాయి. నాన్న 2021 వానాకాలంలో పోయారు. గుడ్లగూబ మాట మళ్లీ లేచింది. ఆ ఏడాదే మా వీధిలో ఇదే జబ్బుతో ఇంకో ఇద్దరు పోయారు, వాళ్ల ఇళ్లు రెండూ డాబాలు, గుడ్లగూబ కూర్చోవడానికి చూరు కూడా లేదు. పన్నెండో రోజు భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పింది పక్కింటి పెద్దమ్మే.

తిత్లీకి తల తెగిన మా కొబ్బరి మోళ్లను కొట్టించలేదు. రెండింటి తొర్రల్లో ఇప్పుడు పైడికంటి (చిన్న జాతి గుడ్లగూబ) జంటలు ఉన్నాయి, సందె వేళ బయటికి వచ్చి పక్కపక్కన కూర్చుని గొడవ పడుతుంటాయి.

రేపు ఉదయం మీ శాల నేల చూడండి. నల్లని ఉండలు దొరికితే చేత్తో ముట్టుకోకుండా పుల్లతో విడదీసి, ఏ ఎముకలు ఉన్నాయో ఫొటో పెట్టండి. రాత్రి కోళ్ల గూడు చుట్టూ బూడిద చల్లి, అడుగు పడితే పక్కన అగ్గిపెట్టె ఉంచి నిటారుగా పైనుంచి ఫొటో తీయండి. చూసి ఏ జంతువో చెబుతాను.