కాంట్రాక్ట్ పోతే టికెట్ పోదు

అమెరికా విమాన సంస్థ యునైటెడ్ తరఫున విమానాలు నడిపే చిన్న (రీజనల్) ఎయిర్‌లైన్ కాంట్రాక్ట్ అయిపోతోంది, మరి నా టికెట్ గతేంటని అడిగారు కదా. టెన్షన్ పడకండి. ఈ-టికెట్ నంబర్‌లో మొదటి మూడంకెలు చూడండి. 016 ఉంటే అది యునైటెడ్ టికెట్టే. ఆ చిన్న కంపెనీ విమానాన్నీ పైలట్లనీ సమకూరుస్తుంది, అంతే. ఆ రూటు ఇంకొకరికి ఇస్తారు, లేదా మీ ఫ్లైట్ మారుస్తారు. ఫ్లైట్ రద్దయి, వాళ్లు చూపించిన వేరే ఫ్లైట్ మీకు వద్దనిపిస్తే అమెరికా రూల్స్ ప్రకారం డబ్బు వాపసు ఇవ్వాల్సిందే. వోచర్‌తో సరిపెడతామంటే ఒప్పుకోకండి.

అసలు భయం ఆ కంపెనీ సొంత పేరుతో టికెట్లు అమ్మినప్పుడు. యునైటెడ్ తరఫున విమానాలు నడిపిన ఎక్స్‌ప్రెస్‌జెట్ అనే రీజనల్ ఎయిర్‌లైన్ సంగతే చూడండి: యునైటెడ్ పని పోయి 2020లో ఆగింది, 2021లో 'అహా' పేరుతో మళ్లీ ఎగిరింది, 2022 ఆగస్టులో చేతులెత్తేసింది. అలాంటి టికెట్ కొంటే మాత్రం క్రెడిట్ కార్డుతోనే కొనండి.