నెట్‌వర్క్ ఉద్యోగులు, జీవిత బీమా: వృత్తి గడిలో ఏం రాయాలి?

ప్రశ్న: నా వయసు 31 సంవత్సరాలు. ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున నెట్‌వర్క్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. వారంలో మూడు రోజులు కంట్రోల్ రూములో రాత్రి షిఫ్టు ఉంటుంది. మిగతా రోజుల్లో మేడల మీద, టవర్ల మీద యాంటెన్నాలు బిగిస్తాను. జీతం నెలకు 48,000 రూపాయలు. ఇంటి అప్పు ఇంకా 22 లక్షలుంది. కోటి రూపాయల టర్మ్ పాలసీ పత్రం చేతికొచ్చి పది రోజులైంది. అందులో ఏజెంటు నా వృత్తిని ‘సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆఫీసు పని’ అని నింపారు. ప్రీమియం తగ్గడానికే అలా రాశానని, దానివల్ల ఇబ్బందేమీ ఉండదని అంటున్నారు. సంస్థ ఇచ్చిన 5 లక్షల గ్రూపు ఇన్సూరెన్సు కూడా ఉంది. ఇలాగే వదిలేయవచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: దయచేసి వదిలేయకండి. సర్వర్ గదిలో కూర్చుని రౌటర్లు సరిచూసేవారినీ, నడుముకు బెల్టు కట్టుకుని టవరెక్కేవారినీ మన సంస్థలు నెట్‌వర్క్ ఇంజినీర్లు అనే పిలుస్తాయి. బీమా సంస్థకు మాత్రం ఆ పేరుతో పని లేదు. ఎత్తులో నిలబడి చేసే పని ఉందా, కరెంటు తీగల దగ్గర పని ఉందా అన్నదాన్ని బట్టే అది ప్రీమియం నిర్ణయిస్తుంది.

1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం, పాలసీ మొదలై మూడేళ్లు నిండాక ఏ కారణం చూపీ దానిని ప్రశ్నించడానికి వీలులేదు. ఏజెంట్లు ధైర్యం చెప్పేది దీన్ని చూసుకునే. కానీ ఆ మూడేళ్లూ మీరు వారం వారం టవరెక్కుతూనే ఉంటారు కదా! ఈలోగా జరగరానిది జరిగి, ముఖ్యమైన విషయం దాచారని సంస్థ తేల్చితే, కోటి రూపాయలు అందవలసిన మీ ఇల్లాలి చేతిలో అంతవరకు కట్టిన ప్రీమియం మాత్రమే పెట్టవచ్చు; మోసమని రుజువైతే అదీ దక్కకపోవచ్చు. ప్రపోజల్ ఫారం నింపింది ఏజెంటే అయినా కింద సంతకం మీది గనుక, జవాబుదారీ కూడా మీదే అవుతుంది.

మీకు ఇంకా వ్యవధి ఉంది. పాలసీ అందిన నాటినుంచి 30 రోజులలోపు, నచ్చకపోతే తిప్పి పంపే హక్కు ప్రతి పాలసీదారుకూ ఉంటుంది. మీకు మిగిలింది ఇరవై రోజులు. చేసే పని ఏమిటో, నెలలో ఎన్నిసార్లు ఎత్తు ఎక్కుతారో వివరంగా రాసి, వృత్తి వివరం సవరించమని బీమా సంస్థకే నేరుగా ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకోండి. అదనపు ప్రీమియం అడిగితే కట్టడమే మేలని నా అభిప్రాయం. గడువు దగ్గరపడినా సంస్థ తేల్చకపోతే పాలసీ తిప్పి పంపి, ఈసారి ఫారం మీ చేతితో మీరే నింపండి. అప్పుడు 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకుంటామని కూడా రాయండి. ఆ సొమ్ము భార్యాపిల్లలకే చెందుతుంది, అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు.

గ్రూపు ఇన్సూరెన్సును లెక్కలో పెట్టుకోకండి. ఉద్యోగం మానిన రోజే అది ముగుస్తుంది. మీ రంగంలో కాంట్రాక్టులు ఎంత తరచుగా చేతులు మారతాయో మీకే తెలుసు. పీఎఫ్ ఖాతాతో ముడిపడిన బీమా కూడా గరిష్ఠంగా 7 లక్షలే. కోటిలో ఇంటి అప్పు తీరగా మిగిలే 78 లక్షలను ఆరు శాతం వడ్డీకి వేస్తే ఇంటికి నెలకు 39,000 వస్తుంది. అందుచేత కోటి మీకు ఎక్కువేమీ కాదు.

ప్రశ్న: డేటా సెంటర్లో నాలుగేళ్లుగా రాత్రి షిఫ్టులే. ఆరు నెలలుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. బీమా ఫారంలో ఈ విషయం రాయాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తప్పక రాయాలమ్మా. మాత్ర పేరు, మోతాదు, మొదలుపెట్టిన నెల కూడా రాసి, డాక్టరు చీటీ నకలు జతచేయండి. బీపీ అదుపులో ఉంటే సాధారణంగా కొంత అదనపు ప్రీమియంతో పాలసీ ఇస్తారు. వైద్య పరీక్షను రాత్రి షిఫ్టు ముగిసిన ఉదయం కాకుండా, ఒక పూట నిద్రపోయాక చేయించుకోండి. నిద్రలేని ఒంటితో వెళితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువగా చూపే అవకాశం ఉంది.