నడుస్తున్న సర్వర్‌లో ట్రేసింగ్
ప్రశ్న: రొయ్యల ఎగుమతి సంస్థ కోసం మేము నడిపే లినక్స్ సర్వర్ సాయంత్రాలు మందగిస్తోంది. దాన్ని ఆపకుండానే ట్రేసింగ్‌ను (లోపల ఏ పని ఎప్పుడు జరుగుతోందో నమోదు చేయడాన్ని) పెంచడం, తగ్గించడం వీలవుతుందా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నిస్సందేహంగా వీలవుతుంది. లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లో 2008 నుంచి ఉన్న ఎఫ్‌ట్రేస్ అనే ట్రేసింగ్ సాధనాన్ని, రూట్ (నిర్వాహక) అనుమతితో, ట్రేసింగ్ డైరెక్టరీలోని ఫైళ్లలో విలువలు రాసి అప్పటికప్పుడు మార్చుకోవచ్చు. అయితే చాలామంది పొరబడే చోటు ఒకటుంది: ‘ట్రేసింగ్_ఆన్’ ఫైలులో 0 రాస్తే రింగ్ బఫర్‌లోకి (నమోదులు తాత్కాలికంగా నిలిచే మెమరీలోకి) నమోదు మాత్రమే ఆగుతుంది గానీ, ట్రేసర్ (పనులను గమనించే భాగం) భారం ప్రాసెసర్‌పై కొనసాగవచ్చు, అది కూడా తొలగాలంటే ‘కరెంట్_ట్రేసర్’ ఫైలులో ‘నాప్’ (nop, ఏ ట్రేసర్ వద్దని అర్థం) అని రాయాలి. కెర్నెల్‌లోని అన్ని ఫంక్షన్లనూ (చిన్న చిన్న ప్రోగ్రామ్ భాగాలను) ఒకేసారి గమనించడం నాకు సమ్మతం కాదు. ఆ భారమే మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. అనుమానమున్న ఫంక్షన్లనే ఫిల్టర్‌లో ఉంచండి. బఫర్ నిండితే మామూలుగా పాత నమోదులు చెరిగిపోతాయి కనుక, సర్వర్ నెమ్మదించిన వెంటనే నమోదు ఆపి చదవండి.