ఫైజీ అక్బరును పొగిడిన కవి మాత్రమేనా?

అక్బరు ఆస్థానకవి ఫైజీ పాదుషాను పొగడడం తప్ప చేసినదేమైనా ఉందా, చదవాలంటే దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. హైదరాబాదులో చిన్నప్పుడే ఉర్దూ వచ్చి, ఆ ఆసరాతో పారశీకం నేర్చుకున్నవాణ్ణి కనుక నా అనుభవం మీద చెబుతున్నాను: ఖసీదాలను (స్తుతి కావ్యాలను) పక్కన పెట్టి ‘నల్ దమన్’ పట్టుకోండి.

1547లో ఆగ్రాలో పుట్టిన ఫైజీ, అక్బరు చరిత్రకారుడు అబుల్ ఫజల్‌కు అన్న. రాకుమారులకు చదువు చెప్పాడు, భాస్కరాచార్యుని లీలావతిని పారశీకంలోకి తెచ్చాడు, 1588లో ఆస్థాన కవిరాజయ్యాడు, దక్కను సుల్తానుల వద్దకు రాయబారిగా కూడా వెళ్లాడు. 1594లో రాసిన ‘నల్ దమన్’ మన నలదమయంతుల కథే. శృంగారనైషధం చదివినవారు కథ కోసం తడుముకోనక్కరలేదు కాబట్టి మనసంతా మసనవీ (ద్విపదల కథాకావ్యం) నడక మీదే నిలుస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు, శ్రీనాథుడి నలుడు కడదాకా శృంగార నాయకుడిగానే కనిపించగా, ఫైజీ నలుడు మాత్రం విరహంలో మజ్నూకు తమ్ముడిలా తోచాడు. పారశీక కవి నిజామీ రాసిన లైలా మజ్నూకు దీటుగా నిలపాలనే ఫైజీ ఈ కావ్యం తలపెట్టాడు.

పాండిత్యం సంగతికొస్తే, అరబ్బీలో చుక్క ఉన్న అక్షరమే వాడకుండా ఖురానుకు ఒక వ్యాఖ్యానం రాశాడు. పెదవులు కలిసే అక్షరాలు లేకుండా రాసే మన నిరోష్ఠ్య కావ్యాల వంటి సాముగరిడీ ఇది. ప్రవక్తను చెప్పే ‘నబీ’ అనే మాటలో చుక్కలున్నాయి, పనికిరాదు. అలాగే ప్రవక్తను చెప్పే ‘రసూల్’లో లేవు, పనికొస్తుంది. ఆ లెక్కన తన కలం పేరే రాయలేడు, ఎందుకంటే ఫైజీలో చుక్కల అక్షరాలు మూడున్నాయి! ఇలా ఎవరూ రాయలేదని మౌల్వీలు ఆక్షేపిస్తే, ఇస్లాం విశ్వాస ప్రకటన అయిన కలిమాలో మాత్రం చుక్క ఎక్కడుందని అడిగాడట. నాకు ఆ గ్రంథం మీద గౌరవమే కాని ప్రేమ లేదు. పుట తిప్పేకొద్దీ అర్థం కన్నా నియమమే ముందుకొస్తుంది.

ఫైజీ మీద దురభిప్రాయం చాలావరకు అక్బరు కొలువులోని చరిత్రకారుడు బదాయూనీ చలవే. మతభ్రష్టుడని ఆయన తిట్టని తిట్టు లేదు. అయినా అమీర్ ఖుస్రో తర్వాత మూడు వందల ఏళ్లలో ‘నల్ దమన్’ వంటి మసనవీ రాలేదని ఒప్పుకున్నదీ ఆయనే. బదాయూనీ పాదుషా ఆగ్రహానికి గురైనప్పుడు ఫైజీ దక్కను నుంచి 1592లో అతని పాండిత్యాన్ని మెచ్చుకుంటూ అక్బరుకు సిఫార్సు లేఖ పంపాడు. బదాయూనీ ఆ లేఖను తాను రాసిన చరిత్ర గ్రంథంలో ఎత్తి రాసుకున్నాడు, తిట్లను మాత్రం కొట్టివేయలేదు.