పక్కింటి వైఫైలోకి దూరాడు, హ్యాకర్ అవుతానంటున్నాడు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి వ్యాపారం. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పోయిన నెలలో పక్కింటివాళ్ల వైఫైలోకి వెళ్లి, వాళ్ల వసారాలో పెట్టుకున్న కెమెరా బొమ్మ తన ఫోన్‌లో స్నేహితులకి చూపించాడు. తగువు పెద్దమనుషుల దాకా వెళ్లింది. కోపంలో ఇంట్లో నెట్ తీయించేశాను. వాడేమో ఇంజనీరింగ్ వద్దు, హైదరాబాద్‌లో ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరతానంటున్నాడు. ఫీజు లక్షా ఎనభై వేలు, ఉద్యోగం నూటికి నూరు శాతం గ్యారంటీ అంటున్నారు. చేర్చమంటారా? అసలు హ్యాకింగ్ అనేది ఒక ఉద్యోగమేనా? తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కూడా అన్న దారే అంటోంది.
ఒక తండ్రి, కోనసీమ

జవాబు: డబ్బు కట్టకండి, నెట్ మళ్లీ పెట్టించండి. ఈ రెండూ ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మీ కోపమంతా వైఫై మీద ఉన్నట్టుంది. నన్నడిగితే కోప్పడాల్సింది కెమెరా సంగతికి. పక్కింటి నెట్ వాడుకోవడం మన ఊళ్లలో కుర్రాళ్ల అల్లరి కిందే పోతుంది. ఆ ఇంటి ఆడవాళ్లు వసారాలో కూర్చుని కూర తరుక్కుంటుంటే నలుగురు కుర్రాళ్లు ఫోన్‌లో చూడటం అల్లరి కాదండి. అనుమతి లేకుండా మరొకరి కంప్యూటర్‌లోకి, నెట్‌వర్క్‌లోకి వెళ్లడం గురించి 2000 నాటి ఐటీ చట్టంలో 43వ సెక్షన్ చెబుతుంది. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీవాడికి 18 నిండకపోతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి వెళ్తుంది కాబట్టి జైలు మాట రాదు, నిజమే. అయినా స్టేషన్ మెట్లు ఎక్కాల్సిందే కదా. పక్కింటివాళ్లు పోలీసుల దగ్గరికి పోకుండా పెద్దమనుషుల దగ్గరికి వచ్చారంటే అది మీ ఇంటి మీద ఉంచిన మర్యాద. వాడికి ఆ సంగతి మీరే చెప్పాలి.

ఇక అది ఉద్యోగమేనా అన్నది. ఉద్యోగమే, మంచిదే. మీకు తెలిసిన పనిలో చెబుతాను: తోటగలాయన పిలిస్తే చెట్టెక్కినవాడు దింపు మనిషి, పిలవకుండా ఎక్కినవాడు దొంగ. ఎక్కే పనితనం ఇద్దరిదీ ఒకటే. ఈ రంగంలో ఆ పిలుపు కాగితం మీద ఉంటుంది. ఏ సిస్టమ్‌ని పరీక్షించాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏది ముట్టుకోకూడదు, లోపల ఏదైనా కంటపడితే ఎవరికి చెప్పాలి, అన్నీ అందులో రాసి సంతకాలు పెట్టాకే పని మొదలవుతుంది. పని అయ్యాక రిపోర్టు రాయాలి. బయటివాళ్లకి తెలియనిది ఇదే. వారం రోజులు పరీక్షించినవాడు ఆ తర్వాత రోజుల తరబడి కూర్చుని రాస్తాడు: ఎక్కడ కన్నం ఉంది, దానివల్ల ఏం పోతుంది, ఎలా పూడ్చాలి. రాయడం రానివాడు ఈ పనిలో పైకి రాడు. వీడియోల్లో నల్ల హుడీ వేసుకుని చీకట్లో టకటకా కొట్టేవాళ్లని చూసి పిల్లలు ఇటు వస్తారు, రిపోర్టు దగ్గర నీరసపడిపోతారు.

మరి మీవాడికి నిజంగా పట్టు ఉందా? కోప్పడకుండా పక్కన కూర్చోబెట్టుకుని, 'ఎలా వెళ్లావురా?' అని అడగండి.

'వాళ్ల పాస్‌వర్డ్ వాళ్ల ఫోన్ నంబరే నాన్నా' అంటే అది హ్యాకింగ్ కాదు, ఊహ. మన దగ్గర ఎన్నో ఇళ్లలో పాస్‌వర్డ్ ఇంటాయన సెల్ నంబరే, కేబుల్ అబ్బాయి బిగించి వెళ్లేటప్పుడు గుర్తుంటుందని అదే పెట్టేస్తాడు. కెమెరాకైతే ఇంకా అన్యాయం, డబ్బాతో వచ్చిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. 'ఏదో యాప్ వేస్తే అయిపోయింది' అంటే నేను కాస్త దిగులు పడతాను, కారణం కింద చెబుతాను. అలాకాక 'డబ్ల్యూపీఎస్ పిన్ ద్వారా' (పాస్‌వర్డ్ బదులు రూటర్ పిన్‌తో వైఫైలోకి చేరే ఏర్పాటు) అన్నాడనుకోండి, 'అదెందుకు పనిచేసింది?' అని ఇంకో ప్రశ్న వేయండి.

దానికి జవాబు తెలిసిన పిల్లాడైతే ఇలా చెబుతాడు. రూటర్ పిన్‌లో ఎనిమిది అంకెలు. పైకి చూస్తే 10 కోట్ల అవకాశాలు, ఎవడూ కొట్టలేడు అనిపిస్తుంది. కానీ చివరి అంకె మిగతా ఏడింటినీ సరిచూసుకోవడానికి పెట్టినది, కాబట్టి అది లెక్కలోకి రాదు. పైగా రూటర్ మొత్తం పిన్‌ని ఒకేసారి చూడదు. మొదటి నాలుగు అంకెలు తప్పయితే అక్కడే తప్పని చెప్పేస్తుంది. అంటే మొదటి సగానికి 10,000, రెండో సగంలో మూడంకెలకి 1,000. మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. ఈ లోపం 2011లో బయటపడింది. ఆ తర్వాత వచ్చిన చాలా రూటర్లు కొన్ని తప్పు పిన్‌లు కొట్టగానే తాళం వేసుకుంటాయి, పాతవి వేసుకోవు. పది కోట్లు పదకొండు వేలు ఎలా అయ్యాయో మీకు అర్థమయ్యేలా కాగితం మీద లెక్క వేసి చూపించగలిగితే, ఆ కుర్రాడిలో సరుకు ఉంది. చూపించలేకపోయినా కొంపేం మునగలేదు, ఇంకా కుర్రాడే, నేర్చుకుంటాడు. కాకపోతే లక్షా ఎనభై వేలు పోయడానికి అది కారణం కాదు.

యాప్ అంటే ఎందుకు దిగులంటే, టెలిగ్రామ్‌లోనూ ఇంకెక్కడెక్కడో దొరికే 'వైఫై హ్యాక్' ఏపీకేలు (ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైళ్లు) ముందు వేసుకున్నవాడి ఫోన్‌నే దోచుకునే ప్రమాదం ఉంది. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకేలు వస్తున్నాయి కదా, వేసుకుంటే ఓటీపీలు వాళ్లకి పోతాయి. ఆ బాపతే ఇదీ. మీ ఫోన్‌పే ఉన్న ఫోన్‌లో వాడు ఏమేం వేశాడో ఇవాళే చూసి, తెలియనివన్నీ తీయించండి. ఖాతాలో తేడా కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

తర్వాత పక్కింటికి తీసుకెళ్లండి. క్షమాపణ చెప్పించండి, అక్కడితో లేచి వచ్చేయకండి. వాళ్లు ఒప్పుకుంటేనే, ఇంటాయన పక్కన కూర్చుని చూస్తుండగా, మీవాడి చేత వాళ్ల రూటర్ సరిచేయించండి. డబ్ల్యూపీఎస్ ఆపేయడం, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, వైఫైకి పెద్ద పాస్‌వర్డ్ పెట్టడం, కెమెరాకి వేరే పాస్‌వర్డ్ పెట్టడం, రెండింటికీ కొత్త సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేయడం. కొత్త పాస్‌వర్డులు ఇంటాయనే టైపు చేయాలి, మీవాడు అటు తిరిగి కూర్చోవాలి. ఇంటికొచ్చాక ఒక పేజీ రాయమనండి: నాకు ఏం కనిపించింది, అది ఎందుకు ప్రమాదం, ఏం మార్చాం. శుద్ధమైన తెలుగులో, పక్కింటి మామ్మగారికి చదివి వినిపిస్తే అర్థమయ్యేలా. ఆ కాగితం వాళ్లకిచ్చి రమ్మనండి. ఈ రంగంలో కన్సల్టెంట్లు బ్యాంకులకి చేసి పెట్టేది సరిగ్గా ఇదే పని, కాకపోతే ఇంగ్లీషులో, పెద్ద బిల్లుతో. వాడికి ఇది విసుగనిపిస్తే ఆ విసుగు ఇప్పుడే బయటపడటం మంచిది.

చదువు సంగతికి వస్తాను. ఇంటర్ పూర్తి చేయనివ్వండి, ఈఏపీసెట్ రాయనివ్వండి. ఇప్పుడు కాలేజీల్లో సీఎస్ఈ పక్కన బ్రాకెట్లో సైబర్ సెక్యూరిటీ అని కొత్త బ్రాంచీలు వచ్చాయి. పేరు చూసి మురిసిపోవద్దు. మామూలు కాలేజీలో సైబర్ సీటు కన్నా మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈ, ఆఖరికి ఈసీఈ అయినా సరే, మేలు. కాకినాడ జేఎన్‌టీయూ, భీమవరం ఎస్ఆర్‌కేఆర్ మీకు అందుబాటులో ఉన్నవే. జేఈఈ మెయిన్‌లో ర్యాంకు వస్తే తాడేపల్లిగూడెం నిట్ ఉంది. నెట్‌వర్కులు, ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, సీ, పైథాన్, వీటి మీద పట్టు లేకుండా సెక్యూరిటీ అంటే గోడ లేకుండా సున్నం కొట్టడమే. డిగ్రీ అయ్యాక ఈ రంగంలోనే ప్రత్యేకంగా చదవాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల ఆరు నెలల పీజీ డిప్లొమా ఉంది, దానికి సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. గుజరాత్‌లో కేంద్ర ప్రభుత్వ జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది, అక్కడా సైబర్ కోర్సులున్నాయి.

ఇక ఆ హైదరాబాద్ సంస్థ. ఎథికల్ హ్యాకర్‌గా పనిచేయడానికి మన దేశంలో ప్రభుత్వ లైసెన్సంటూ ఏదీ లేదు. కాబట్టి 'ప్రభుత్వ గుర్తింపు' అని ఎవరైనా అంటే ఏ శాఖ, ఏ ఉత్తర్వు అని అడగండి. 'నూటికి నూరు శాతం' అనే మాట కాగితం మీద రాసివ్వమనండి, ఉద్యోగం రాకపోతే ఫీజు ఎన్నాళ్లలో తిరిగిస్తారో కూడా. పోయిన బ్యాచ్‌లో చేరిన మన జిల్లా పిల్లలు ఇద్దరితో ఫోన్లో మాట్లాడించమనండి. ఇంటర్‌తో ఆపేసిన కుర్రాడికి ఆరు నెలల కోర్సుతో సెక్యూరిటీ ఉద్యోగం ఇచ్చే కంపెనీ నాకు తారసపడలేదు. కోర్సు తర్వాత కాల్ సెంటర్లో కూర్చోబెట్టి 'జాబ్ వచ్చిందిగా' అనే రకాలు మాత్రం ఉన్నాయి.

వాడు నేర్చుకోవాలంటే ఇంట్లోనే, ఉచితంగా, చట్టబద్ధంగా బోలెడు ఉంది. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చాలు, మెరిసే లైట్ల కీబోర్డు గేమింగ్ ల్యాప్‌టాప్ కొనకండి. అందులో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకుని, లినక్స్ (విండోస్ లాంటిదే, ఉచితం) పెట్టుకోమనండి. ఓవర్‌ది‌వైర్‌ అనే వెబ్‌సైట్‌లో 'బ్యాండిట్' అనే ఆటతో మొదలుపెట్టమనండి, ఒక్కో మెట్టు ఎక్కాలంటే తర్వాతి మెట్టు పాస్‌వర్డ్ వెతికి పట్టుకోవాలి. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు స్కూలు పిల్లల కోసమే పెట్టిన పికోసీటీఎఫ్ అనే హ్యాకింగ్ పజిళ్ల పోటీ ఉంది, పాత పజిళ్లన్నీ సాధన చేసుకోవచ్చు. ఎవరి ఇంట్లోకీ దూరకుండా కన్నాలు కనిపెట్టడం అక్కడ నేర్చుకోవచ్చు, ఎందుకంటే అవి కన్నాలు పెట్టి మరీ వదిలిన కంప్యూటర్లు. బగ్ బౌంటీలో (కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో లోపం కనిపెట్టి చెబితే ఇచ్చే బహుమతి) లక్షలొస్తాయని వాడు చెప్పే ఉంటాడు. వస్తాయి, కొద్దిమందికి. కొత్తవాళ్లు పంపేవాటిలో చాలావరకు 'ఇది ముందే ఎవరో చెప్పారు' అని తిరిగొస్తాయి. దాన్ని సాధనగా చూడాలి తప్ప ఇంటి ఖర్చుకి లెక్క వేసుకోకూడదు.

ఉద్యోగాలు ఉన్నాయా అంటే, ఉన్నాయి, పెరుగుతాయి కూడా. 2018లో పుణెలో కాస్మోస్ అనే సహకార బ్యాంకు నుంచి దాదాపు 94 కోట్లు ఎత్తుకుపోయారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు స్తంభించి రోజుల తరబడి చేత్తో చీటీలు రాసుకున్నారు. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలని, సిస్టమ్ లాగ్‌లు (కంప్యూటర్లో ఎప్పుడేం జరిగిందో ఉండే చిట్టా) 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలొచ్చాయి. చెప్పాలంటే ముందు జరిగిందని ఎవరో ఒకరు కనిపెట్టాలి కదా. మొదటి ఉద్యోగం బహుశా ఆ కనిపెట్టే పనే: హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రాత్రి షిఫ్టులో తెర ముందు కూర్చుని వచ్చే అలర్టులు ఒక్కొక్కటీ చూడటం. గ్లామర్ ఏమీ లేదు. మన దగ్గరా పని లేకపోలేదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లని ఫోన్‌తో నడిపే స్టార్టర్లు వచ్చాయి. అర్ధరాత్రి అవి ఎవరైనా ఆపేస్తే తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి చెరువంతా తేలిపోతుంది. వాటికి తాళాలు ఎలా ఉన్నాయో చూసేవాళ్లు ఎవరున్నారు చెప్పండి!

నెట్ తీసేయడం గురించి. మన కోనసీమ వాళ్లకి నెట్ లేకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత నెట్ ఆపేసిన రోజుల్లో, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ దొరికే గోదావరి ఒడ్డుకి, అవతలి ఊళ్లకి పోయి కూర్చున్నారు. సఖినేటిపల్లి మండలం మోరిలో 2016 డిసెంబరులో ఫైబర్ నెట్ మొదలైనప్పుడు నెలకి 149 రూపాయలకే అని ఊరంతా సంబరపడ్డాం. ఇప్పుడు తుఫానుకి కరెంటు స్తంభం పడితే దాంతోపాటు ఆ తీగా తెగుతుంది, రెండు రోజులు ఆగలేకపోతున్నాం. ఈఏపీసెట్ దరఖాస్తు, హాల్ టికెట్, వెబ్ ఆప్షన్లు అన్నీ అందులోనే. మీరు తీయించినా వాడు స్నేహితుడి హాట్‌స్పాట్ పట్టుకుంటాడు, మీ కళ్లెదుట ఉండడు, అంతే తేడా. పెట్టించండి. ల్యాప్‌టాప్ హాల్లో ఉండాలి, పరీక్షలయ్యేదాకా రాత్రి పదింటికి రూటర్ ఆపేయాలి, అది మీతో సహా అందరికీ వర్తించాలి.

అమ్మాయి సంగతి చివర్లో ఒక్క ముక్కలో రాశారు కానీ, నిజానికి ఆమెకే ఎక్కువ దారులు తెరిచి ఉన్నాయి. అబ్బాయికి దాటిపోయిన ట్రిపుల్ ఐటీ ఆమెకి ఇంకా ముందుంది. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, నాలుగు క్యాంపసుల్లోనూ పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల కోర్సులో సీటిస్తారు. పాలిటెక్నిక్‌కి వెళ్లాలంటే పాలిసెట్ కూడా పది తర్వాతే. వచ్చే ఏడాది పదికి ఇంగ్లీషు, లెక్కలు గట్టిగా చూసుకోమనండి. ఆ బ్యాండిట్ ఆట అన్నకి చెప్పేటప్పుడు ఆమెనీ పక్కన కూర్చోబెట్టండి, ఎవరు ముందు పదో మెట్టు ఎక్కుతారో నాకు రాయండి.