పెట్టేసిన గింజలు లెక్కలోకి రావు

తమ్ముడూ, పోకర్‌లో 500 చింతగింజల్లో 300 పందెం పెట్టేశాక, ఫ్లాప్‌లో (బల్ల మీద మొదటి మూడు ముక్కలు తెరిచాక) ఫ్లష్ డ్రాతో (ఒకే గుర్తువి ఐదు కావాల్సినచోట నాలుగు ఉండగా) మిగతా 200 కూడా పెట్టడం తప్పా అని అడిగావు. కాల్ (ఎదుటివాడి పందేనికి సరిపడా పెట్టడం) సరైనదే, కారణమే తప్పు. "ఇంత పెట్టానుగా" అన్నావు. పెట్టింది ఇక నీది కాదు. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 600, ఎదుటివాడి 200 కలిపి 800 కోసం నువ్వు 200 పెడుతున్నావు. నీదీ కలిపితే 1000, అందులో 200 నీది కాబట్టి 20% గెలుపు అవకాశం చాలు. రెండు ముక్కలు రావాల్సి ఉంటే ఫ్లష్‌కి సుమారు 35%. టర్న్ (నాలుగో ముక్క) తర్వాతైతే, కనపడని 46 ముక్కల్లో నీకు పనికొచ్చేవి 9, అంటే 20% కూడా లేదు.

అసలు పొరపాటు ముందే జరిగింది. కడపలో మా మిద్దె మీద ఆడేటప్పుడు నేనూ సగానికి పైగా గింజలు ముందుకు జరిపేవాణ్ణి. ముక్కలు చూపకపోయినా, వదలనని అందరికీ తెలిసిపోయేది. ఇక బ్లఫ్‌కి ఎవరు భయపడతారు? మూడోవంతు దాటకముందే, చివరిదాకా వెళ్తావో లేదో తేల్చుకో.